భుజం మీది గద్ద

రోనాల్డ్ పాత ఫొటోలో మొహం చూడడు, భుజం చూస్తాడు. మిలిటరీలో దర్జీగా ఉండి, ఏ దళానికి ఏ గుర్తో వాళ్ళ చొక్కాలకి కుట్టి కుట్టి వచ్చినవాడు. తన భుజానికి మాత్రం యుద్ధానికి వెళ్ళేవాళ్ళ గుర్తు ఏనాడూ దక్కలేదు. అందుకే అనకాపల్లి గవరపాలెంలో తన కుట్టుమిషను దగ్గరికి ఎవరైనా సిపాయి ఫొటో తెస్తే, భూతద్దం పెట్టి గుర్తు చెబుతూనే లోలోపల కుళ్ళుకుంటాడు.

2003లో ఓ మధ్యాహ్నం మునగపాక నుంచి శాంతమ్మ వచ్చింది. పోయిన మొగుడి గురించి జ్ఞాపకార్థ కూడికలో నాలుగు మాటలు చెప్పాలట, ఆయన ఏ దళంలో చేశాడో ఫొటో చూసి చెప్పమంది. ఫొటోలో బక్కపలచని సత్యరాజు, భుజాన రెక్కలు విప్పిన గద్ద. యుద్ధంలో అందరికంటే ముందు నడిచే దళం గుర్తు అది. రోనాల్డ్‌కి కడుపు మండిపోయింది.

"రేషన్ మోసేవోళ్ళ గుర్తమ్మా ఇది," అన్నాడు.

శాంతమ్మ మొహం విప్పారింది. "ఆయనా అదే సెప్పేవోడు బాబూ. బియ్యం మూటలే మోసేను, తుపాకీ ముట్టలేదని. నా బయం తీర్సడానికి అంటన్నాడనుకున్నాను. నిజవే సెప్పేడు!"

ఫొటోని కొంగుతో తుడుచుకుని వెళ్ళిపోయింది. రోనాల్డ్ భూతద్దం దించి ఆమె వెళ్ళిన వైపే చూశాడు. తనకే ఆ గద్ద దక్కి ఉంటే అనకాపల్లంతా తిరిగి చూపించేవాడు. ఈ మనిషి కట్టుకున్నదానికి కూడా చెప్పకుండా ఎలా పోయాడు?