వారే తిన్నారు

అబ్దుల్ జబ్బార్ గారికి ఒకే ఒక్క జబ్బు. పురుగును 'అది' అనరు, 'వారు' అంటారు. చెదపురుగైనా పేడపురుగైనా ఆయన నోటివెంట వచ్చేసరికి పెద్దమనిషి అయిపోవలసిందే.

అడవి చెట్లను తినే పురుగులను పరిశీలించి, వాటి కట్టడికి దారి చెప్పడం ఆయన ఉద్యోగం. అందుకు మా పల్నాడులోని ఒక అటవీ ఆఫీసు (ఏ ఊళ్ళోదో చెప్పను, చెబితే మిగతా ఆఫీసులు చిన్నబుచ్చుకుంటాయి) చేసిన మర్యాద, పట్టుబడిన దొంగ కర్ర పేర్చే రేకుల కొట్టంలో ఒక మూల. కుర్చీ కూడా లేదు, ఒక దుంగ మీదే కూర్చునేవారు. వానలకు ముందే ఆయన "మందు కొట్టించండి" అనేవారు, వీళ్ళు కొట్టించేవాళ్ళు కాదు. చెట్లు మోడయ్యాక "ముందే ఎందుకు చెప్పలేదు?" అని ఆయనకే మెమో! ఆయన దాన్ని మడిచి జేబులో పెట్టుకునేవారు.

"ఆ దుంగ మీద ఎన్నాళ్ళు కూర్చుంటారండీ?" అని అడిగాను ఒకసారి.

"లోపల వారున్నారు. తొలుస్తున్నారు. పక్కనే ఉంటే నాకూ పని తేలిక."

ఆయన మాట ఎవరికీ ఒక పట్టాన అర్థమయ్యేది కాదు. ఒకరోజు టీ బంకు దగ్గర "మొన్న వందలమంది దిగారండీ. అంతా మేసేశారు" అన్నారు.

బంకాయన గ్లాసు కడగడం ఆపాడు. "ఏ పార్టీవోళ్ళు సార్?"

"పార్టీ కాదు, టేకు మీద వారు."

"టేకు మీద గూడా పడ్డారా! ఇంకేం మిగిలింది సార్ మనకి?"

ఇంకో చిక్కు మా జనంతో. పాము పేరెత్తడానికి జడిసి 'పురుగు' అంటారు. పప్పుల కొట్టు వెంకటసుబ్బయ్య ఒకనాడు పరుగెత్తుకొచ్చాడు. "సార్! కొట్లోకి పురుగొచ్చింది!"

జబ్బార్ గారు సంబరంగా పురుగులు పట్టే వలా, సీసా తీసుకుని వెళ్ళారు. కందిపప్పు బస్తాల వెనక బారెడు పాము పడగెత్తి ఉంది. ఆయన సీసా మూత బిగించి, "వీరు మా శాఖ కాదండీ" అని అందరికంటే ముందు బయటపడ్డారు.

"పురుగుల ఆఫీసరువి గదయ్యా!"

"అంత పొడుగు వారి దగ్గరికి వెళ్ళే హోదా నాకు లేదండీ."

పంతొమ్మిది వందల ఎనభై ఆరు వానాకాలంలో టేకు ప్లాంటేషను మోడైపోయింది. పురుగని ఒప్పుకుంటే మందు కొట్టించనిదెవరన్న ప్రశ్న ఆ ఆఫీసుకు పెద్ద అయిన రేంజరు మెడకు చుట్టుకుంటుంది. మేకలైతే ఆ బాధ లేదు. పక్కన మేపుకుంటున్న రామలక్ష్మి అనే పేదరాలి మేకలను తోలుకుపోయి బందెలదొడ్డిలో పెట్టారు. సంతరోజున వేలమన్నారు. ఆ మేకలు పోతే ఆమె ఇంట్లో పొయ్యి వెలగదు. విడిపించమని అడగడానికి ఆమె వెళుతుంటే నేనూ వెళ్ళాను. పైనుంచి జిల్లా అటవీ అధికారి డీఎఫ్‌వో తనిఖీకి వచ్చి ప్లాంటేషనులో ఉన్నాడు, పక్కన రేంజరూ జబ్బార్ గారూ ఉన్నారు.

"ఏమే, తోటంతా మేపి మళ్ళీ వచ్చావా?" అన్నాడు రేంజరు.

"టేకాకుకి మేక మూతి పెట్టుద్దా సార్? చెట్లేమో మిద్దెంత ఎత్తుండయ్యి. నా మేకలు నిచ్చెనేసుకున్నయ్యా?"

"ఆకలైతే ఎక్కుతయ్యి!"

డీఎఫ్‌వో విసుక్కుని జబ్బార్ గారి వైపు తిరిగాడు. "నువ్వు చెప్పవయ్యా. ఎవరు తిన్నారు?"

"వారే తిన్నారండీ." జబ్బార్ గారి చూపు కొమ్మ మీద ఉంది. కొమ్మ కింద రేంజరు ఉన్నాడు.

"వారంటే?"

"ఇక్కడివారేనండీ. చాన్నాళ్ళుగా తింటున్నారు. రామలక్ష్మిగారి మేకలకేం సంబంధం లేదు."

రేంజరు కొమ్మ కిందనుంచి రెండడుగులు పక్కకు జరిగాడు. డీఎఫ్‌వో గొంతు తగ్గించాడు. "కింద ఈ ఒక్కరేనా, పైన కూడా...?"

"చిటారుకొమ్మ దాకా ఉన్నారండీ."

డీఎఫ్‌వో చేతిరుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. "ఆ మేకలు వదిలెయ్యండి. ఇప్పుడే."

మేకలు దొడ్డి దాటాక రామలక్ష్మి అడిగింది. "ఎవురు సార్ ఆ తిన్నోళ్ళు?"

జబ్బార్ గారు తోటలోంచి తెచ్చిన ఒక టేకాకు తిప్పి చూపించారు. ఈనెలు తప్ప ఏమీ లేని ఆ జల్లెడలో సన్నటి పచ్చపురుగు కదులుతోంది. "వీరమ్మా."

"ఏందీ, ఈ పురుగా! పురుగనే చెప్పొచ్చుగా?"

"పురుగని చానాసార్లు చెప్పానమ్మా, వినలేదు. మర్యాదగా చెబితే వెంటనే విన్నారు."

కావాలనే అన్నారో, అలవాటుకొద్దీ అన్నారో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. ఆ రోజంతా రామలక్ష్మిని 'గారు' అన్న ఉద్యోగి మాత్రం ఆయనొక్కరే.

చదివేవారికో విన్నపం. మీ ఊరి బందెలదొడ్డిలో ఏ పేదరాలి మేకలో కనబడితే, ముందు తోటలోకి వెళ్ళి ఆకు కోయండి. ఈనెలు మిగిలి ఉంటే ఆ పని మేకది కాదు. ఆ ఆకు తీసుకెళ్ళి ఆఫీసరు బల్ల మీద పెట్టి, "ఎవరు తిన్నారండీ?" అని అడగండి. అరవనక్కర్లేదు. మేకలు బయటికొచ్చేదాకా అక్కడే నిలబడండి, చాలు.