దీవి కోర్టులో నల్గొండ మర్యాద

కరోనా తగ్గిన మరుసటి ఏడాది వానకాలంలో, నల్గొండ కోర్టులో అనువాదకుడిగా పదవీ విరమణ చేసి ఇంట్లో ఉన్న నాకు, వీడియో ద్వారా ఒక విదేశీ విచారణలో దుబాసీ పని అప్పగించారు. అట్లాంటిక్ సముద్రంలో బ్రిటన్ అధీనంలో ఉన్న చిన్న దీవి అది. బ్రిటన్‌లో భాగం కాదు. సొంత శాసనసభ, సొంత రాజ్యాంగం ఉంటాయి, గవర్నర్ మాత్రం లండన్ నుంచి వస్తాడు. పాత రాజ్యాంగంలో మనుషుల హక్కుల ఊసు లేదు. కొద్దికాలం ముందే దాన్ని సవరించి హక్కుల అధ్యాయం చేర్చారు. ఎవరినైనా నిర్బంధిస్తే, కారణాన్ని ఆ మనిషికి అర్థమయ్యే భాషలో చెప్పాలని అందులో ఒక వాక్యం. దాని మీద కోర్టుకెక్కిన మొదటి కేసు మన దేవరకొండ మనిషిది.

మా వంశంలో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. ఈ కబురు వీధంతా చెప్పాలని ప్రాణం కొట్టుకుంది. గోప్యత నిబంధన వల్ల ఇంట్లో కూడా చెప్పలేదు.

"ఇంట్ల కూసునేటందుకు టై ఎందుకయ్యా? పెండ్లిచూపులకు పోతున్నవా?" అంది మా ఆవిడ. పని పడ్డదన్నాను. ఇప్పుడు కూడా ఆ దేవరకొండ మనిషి పేరు మార్చే రాస్తున్నాను.

ఎల్లయ్య ఆ దీవికి పనికెళ్లిన సెంట్రింగ్ మేస్త్రి. కాంట్రాక్టరు పని ఆపేసి, ఎల్లయ్య పాస్‌పోర్టు కూడా పట్టుకుని మాయమయ్యాడు. అక్కడ ఉండే అనుమతి గడువు దాటిందని అధికారులు ఎల్లయ్యను పట్టుకున్నారు. భారతీయుడు కాబట్టి హిందీ దుబాసీని పిలిచి, కారణమూ, వకీలును పెట్టుకునే హక్కూ చెప్పించారు. ఎల్లయ్యకు వచ్చిన హిందీ 'పానీ, ఖానా' వరకే. అయినా తలూపాడు. తన వాదన ఏమీ చెప్పుకోలేదని దేశం నుంచి పంపించే ఉత్తర్వు వేశారు. అది నిలిస్తే ఇంకో దేశంలో పని దొరకడం కష్టం.

దుబాసీ ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. కలపకూడదు, తీసేయకూడదు, వివరించకూడదు. సాక్షి "నేను" అంటే దుబాసీ కూడా "నేను" అనాలి. ఆ మేరకు ప్రమాణం చేశాను.

ప్రభుత్వ వకీలు అడిగాడు: కారణం చెప్పారా? "అవును సార్." వకీలును పెట్టుకోవచ్చని చెప్పారా? "అవును సార్." అర్థమైందా? "అయింది సార్." చెప్పింది చెప్పినట్టు ఇంగ్లీషులో చెప్పాను. ఎల్లయ్య తరఫు వకీలమ్మ నుదురు పట్టుకుంది.

మా జిల్లా మనిషి పెద్దసారు ముందర నిలబడితే మొదట అవునంటాడు. కోర్టులో ఉద్యోగం చేసినన్నాళ్లూ చూశాను. అభియోగం చదువుతుంటే ప్రతి వాక్యానికీ తలూపి, చివరికి నేరం చేయలేదన్నవాళ్లు ఎందరో. కానీ అది చెప్పడం నా పని కాదు. దుబాసీ తన తరఫున మాట్లాడాలంటే ముందు న్యాయమూర్తి అనుమతి కావాలి. అడిగి, ఒక్కటే విన్నవించాను: సాక్షి విన్నదాన్ని అతని మాటల్లోనే చెప్పమనండి. దుబాసీ అభిప్రాయం చెప్పే నిపుణుడు కాదని ప్రభుత్వ వకీలు అభ్యంతరం చెప్పాడు. నిజమేనన్నాను. పట్టుకున్న రోజు హిందీ దుబాసీ ఏం చెప్పాడో చెప్పమని న్యాయమూర్తి ఎల్లయ్యను అడిగారు.

"ఆ సారు మస్తు మంచోడు సార్. కూసోమన్నడు, నీళ్లిచ్చిండు. ఏం చెప్పిండో నాకైతే తెల్వది."

మరి అర్థమైందని ఎందుకన్నావని న్యాయమూర్తి అడిగారు.

"అంత పెద్దసారు గంతసేపు చెప్పినంక తెల్వలేదంటే ఏం మంచిగుంటది సార్?"

ఈ దుబాసీకి కూడా మర్యాద కోసమే తలూపుతున్నాడేమోనని ప్రభుత్వ వకీలు లేచాడు. న్యాయమైన సందేహమే. ఇప్పుడు మేము దేని గురించి మాట్లాడుకుంటున్నామో చెప్పమని న్యాయమూర్తి అడిగారు.

"నన్నెందుకు పట్టుకున్నరో నాకు సమజయ్యేటట్టు చెప్పిండ్రా లేదా అని కొట్లాడుతున్నరు. చెప్పలే సార్. ఈ సారు మా దిక్కు సారు, గీయన చెప్తే సమజైతాంది."

ఆఖరి వాక్యాన్ని కూడా ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్పాను. టై సర్దుకోలేదు.

ఉత్తర్వు రద్దయింది. దుబాసీని పెట్టినంత మాత్రాన అర్థమయ్యేలా చెప్పినట్టు కాదని న్యాయమూర్తి తీర్పులో రాశారు. ఎల్లయ్యను వదిలి, అన్నీ తెలుగులో మళ్లీ చెప్పి, అతని వాదన వినమన్నారు. విన్నాక అధికారులు, పాస్‌పోర్టు పోయిన సంగతి లెక్కలోకి తీసుకుని అనుమతి పొడిగించారు.

చెప్పానన్నవాడి మాట మీద హక్కు అమలైనట్టు తేల్చకూడదు, విన్నవాడి నోట తిరిగి వినాలి. ఆ తర్వాత చేసిన ప్రతి విచారణలోనూ, మొదలుపెట్టే ముందు ఇదే విన్నవించాను. ఇద్దరు న్యాయమూర్తులు వద్దన్నారు. మిగతావాళ్లు ఒప్పుకున్నారు.