వెనక్కి నడిచిన చెంబు దొంగ

హైదరాబాదులో పోలీసు చర్య జరిగి మూడు నాలుగేళ్లయిన ఆ కాలాన్ని తలుచుకుంటే నాకు ముందుగా గుర్తొచ్చేది నా ఆత్మవిశ్వాసం. అంత నమ్మకం ఒక మనిషికి ఎక్కడి నుంచి వస్తుందో ఇప్పుడు చెప్పలేను కానీ, అప్పుడు మాత్రం టెక్నికల్ స్కూలు వాళ్లిచ్చిన, కట్టడాల ప్లాన్లు గీసే డ్రాఫ్ట్స్‌మన్ సర్టిఫికెట్టు నుంచి వచ్చింది. ఏ పనికైనా ముందు జాబితా రాయడం, అయినదాని ఎదురుగా టిక్కు పెట్టడం నా పద్ధతి. (స్నానానికి కూడా జాబితా ఉండేదని మా అక్క ఇప్పటికీ అందరికీ చెబుతుంది. అది అబద్ధం. ప్రయాణాలకే ఉండేది.) నా బొమ్మల కథల పుస్తకాలు చదివే పిల్లలు ఈ మధ్య ఉత్తరాలు రాస్తున్నారు, ఎడమ నుంచి ఒక కథ, కుడి నుంచి ఇంకో కథ వచ్చేలా వేయాలన్న ఆలోచన మీకెలా వచ్చిందని. ఒక్కొక్కరికీ విడిగా అబద్ధం చెప్పడం కష్టం కాబట్టి ఇక్కడ అందరికీ కలిపి నిజం చెబుతున్నాను.

అప్పుడు నేను కాచిగూడలో అక్కా బావల ఇంట్లో ఉండేవాణ్ణి. ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల కుప్పల్లో విదేశీ బొమ్మల కథలు దొరికేవి. ఒక్కో గడిలో మనిషి ఎంత ఎత్తున్నాడు, గడికీ గడికీ మధ్య ఎంత ఖాళీ వదిలారు అని వాటిని స్కేలు పెట్టి కొలిచి నోటుబుక్కులో రాసుకునేవాణ్ణి. మా బావ రైల్వేలో గుమస్తా. నన్ను దారిలో పెట్టాలని ఎక్కడో ఆనకట్ట కడుతున్న చోట డ్రాఫ్ట్స్‌మన్ నౌకరీ మాట్లాడి పెట్టాడు.

"బొమ్మలేసి బతికినోన్ని నేనైతే సూడలే బామ్మర్దీ," అన్నాడు. "ఆనకట్ట నౌకరీ అంటే పెన్షన్ గూడ ఉంటది."

"ఒక్క నెల ఆగు బావా. నా కథ ఒకటి అచ్చవుతోంది. అది నచ్చకపోతే పోతాను."

"నచ్చదు తియ్యి. పెట్టె సర్దుకో," అంది అక్క, లోపల్నుంచి, ఎంతో ప్రేమగా.

ఆ కథ వేస్తానన్నది ఆబిడ్స్‌లో ఒక ఇరానీ హోటలు మీది మేడలో నడిచే పిల్లల మాసపత్రిక. దాని ఎడిటర్‌ను అందరూ చాటున కామాగారు అనేవాళ్లు. రచయితలు వదిలేసిన కామాల కోసం ఆయన జీవితమంతా వెతికాడు. నా ఆరు బొమ్మలను ఒక్కొక్కటే కళ్లద్దాలకు దగ్గరగా పెట్టుకుని చూశాడు.

"ఇండ్లు మంచిగున్నయి. కిటికీలు ఇంకా మంచిగున్నయి," అన్నాడు చివరికి. "మనుషులేందయ్యా, అందరు ఒక్క తల్లి పిల్లల లెక్కున్నరు. దొంగకూ పోలీసుకూ ఒక్కటే మొఖమా?"

"టోపీ తేడా ఉంది సార్."

"మాటలేవి? ఒక్కడన్న నోరు తెరుస్తలేడు."

మాటలు అనవసరమని, బొమ్మ సరిగా ఉంటే దానికి వివరణ అక్కర్లేదని నేను ఆయనకు బోధించాను. (నిజానికి నాకు మాటలు రాయడం రాదు.) ఏమనుకున్నాడో ఏమో, ఒప్పుకున్నాడు. షరతు ఒక్కటే. నడిమి రెండు పేజీల్లో ఒక్క నెల వేసి చూస్తాడు. పాఠకులకు నచ్చితే ఆ పేజీలు ప్రతి నెలా నావి. లేదంటే పాత పొడుపుకథలు వెనక్కి వస్తాయి, నేను ఆనకట్టకు పోతాను.

కథ పేరు 'చెంబు దొంగ'. రెండు పేజీలకు అడ్డంగా ఒకే వరుసలో ఆరు గడులు. మొదటి గడిలో పెద్దాయన మంచం మీద నిద్రపోతుంటాడు. పక్కన ఇత్తడి చెంబు. కిటికీలోంచి దొంగ తొంగిచూస్తుంటాడు. రెండో దాంట్లో చెంబుతో కిటికీలో సగం ఉంటాడు. మూడో దాంట్లో గల్లీలో పరుగు, వెనక కుక్క. నాలుగులో మలుపు దగ్గర పోలీసు ఎదురుపడతాడు. అయిదులో భుజం మీద చెయ్యి వేసి ఠాణా వైపు నడిపిస్తాడు. ఆరులో దొంగ లాకప్‌లో తలవంచుకుని ఉంటాడు, చెంబు పోలీసు బల్ల మీద ఉంటుంది. న్యాయం గెలిచింది.

పత్రికకు బొమ్మలు అచ్చువేసేది నాంపల్లి స్టేషనుకు దగ్గర్లోని ఒక లిథో ప్రెస్సు. అక్కడ రాయి మీదికి బొమ్మ ఎక్కించి, రాయికి సిరా పూసి కాగితం మీద అద్దుతారు. అక్కడి ఉస్తాద్ ముప్పై ఏళ్లుగా ఉర్దూ పుస్తకాలు అచ్చువేసిన మనిషి. గడులను నేను వేరువేరు కాగితాల మీద గీసి, అంచున తెలుగు అంకెలు వేసి, వరుసగా ఒక్కొక్కటే ఆయన చేతికిచ్చాను. ఆయన అంకెలతో సహా అంచులు కత్తిరించి రాయి మీదికి ఎక్కించాడు. చివర్లో నేను జాబితా తీసి రాయిని పరీక్షించాను. గడులు ఆరు, టిక్కు. ఎడమ నుంచి కుడికి వరుస, టిక్కు. కథ పేరులోని అక్షరాలు మాత్రం తిరగబడి ఉన్నాయి. రాయి మీద తిరగబడితేనే కాగితం మీద సరిగా పడతాయని, ఇది అద్దంలో ప్రతిబింబం లాంటిదేనని ఉస్తాద్‌కు పది నిమిషాలు వివరించాను. ఆయన "ఔనా, గట్లనా" అంటూ ఎంతో మర్యాదగా విన్నాడు.

"ఇంజినీర్ సాబ్, జర ఒక్క ప్రూఫ్ తీసి సూద్దమా?" అన్నాడు.

"అక్కర్లేదు ఉస్తాద్. నేను రాయిని చూశాను," అన్నాను.

పత్రిక వచ్చింది. నడిమి పేజీ తెరిచాను. మొదటి గడిలోనే దొంగ లాకప్‌లో ఉన్నాడు. చివరి గడిలో పెద్దాయన హాయిగా నిద్రపోతున్నాడు. రాయి మీద తిరగబడేవి అక్షరాలే కాదు, గడుల వరుస కూడా. పాపం ఉస్తాద్ తనకు అలవాటైన ఉర్దూ పద్ధతిలో, కాగితం మీద కథ కుడి నుంచి మొదలయ్యేలా పేర్చాడు. అందుకే రాయి మీద అది ఎడమ నుంచి మొదలైనట్టు కనిపించింది. దానికి నేను టిక్కు పెట్టాను. (మెట్రిక్ దాకా ఉర్దూలోనే చదివినవాణ్ణి. ఏ సాకూ లేదు.)

మూడు రోజులు ఆబిడ్స్ వైపు వెళ్లలేదు. నాలుగో రోజు కామాగారి నుంచి కార్డు వచ్చింది: "వెంటనే, తప్పక, రాగలరు." అక్క నా పెట్టె కిందికి దించి దుమ్ము దులిపింది. నేను చేసిన తప్పులన్నీ వరుసగా ఒక కాగితం మీద రాసుకుని బయల్దేరాను.

మేడ మీద కామాగారి ఎదుట తెల్లచీర కట్టుకున్న ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. సికింద్రాబాద్‌లో చర్చి పిల్లలకు ఆదివారం పాఠాలు చెప్పే టీచరమ్మ అట. నన్ను చూడగానే లేచింది.

"వందనాలండి బాబు. మీరేనా వేసింది? ఇంత చిన్నోరా? ఆదివారం మా పిల్లలకు ఇదే పాఠం చెప్పినాను. లాకప్‌లో కూచుని తప్పు తెలుసుకున్నాడు. పోలీసాయన భుజం తట్టి చెంబు చేతికిచ్చి వదిలేశాడు. కుక్క తరిమినా ఆగకుండా ఉరికి, ఆ పెద్దాయన లేవకముందే చెంబు పెట్టేసి వచ్చాడు. ఆఖర్న కిటికీలోంచి ఆ ముఖం చూడండి, ఎంత శాంతం."

ఆ శాంతం నేను దురాశ అనుకుని గీసింది. నా జేబులో కాగితం ఉంది. నోరు మూసుకుంటే నడిమి పేజీలు నావి. అయినా రాసుకున్న జాబితా చదవకుండా ఉండడం నాకు చేతకాని పని. తీసి మొదటి తప్పు నుంచి చివరి తప్పు దాకా చదివేశాను.

టీచరమ్మ పత్రిక వైపు చూసింది. కామాగారు దాన్ని తన వైపు తిప్పుకుని, కుడి చివరి గడి మీద వేలు పెట్టి, మెల్లగా ఎడమకు జరుపుకుంటూ వచ్చాడు. మళ్లీ ఎడమ నుంచి కుడికి జరిపాడు.

"గిట్ల సదివితే దొరికిండు," అన్నాడు. "గట్ల సదివితే మారిండు."

"రెండూ అదే మనిషి కదండి," అంది టీచరమ్మ. "ముందు దొరకాలి, తర్వాత మారాలి. ఏం తప్పుంది అందులో?"

కామాగారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఏమయ్యా, వచ్చే నెల గూడ గీ తప్పే చేస్తవా?"

"చేస్తాను సార్. లెక్క ప్రకారం చేస్తాను."

"అందరికీ ఒక్కటే మొఖం పెట్టు. మొఖం మార్చినవంటే కథ ఆగమైతది."

అక్కడి నుంచి నేరుగా నాంపల్లికి వెళ్లి ఉస్తాద్‌కు అంతా చెప్పాను. ఆయన పెద్దగా ఆశ్చర్యపోలేదు. "మా ఇంట్ల పిల్లలు నాలుగొద్దుల సంది అదే సూస్తున్నరు సాబ్. తెలుగు రాదు, బొమ్మలకు తెలుగెందుకు? దొంగ దొరికిండని ఖుషీ. మీవోళ్లకు దొంగ మంచోడైండా? అదీ ఖుషీనే." తర్వాత రాయి తుడుస్తూ, "వచ్చేసారి ప్రూఫ్ తీద్దం," అన్నాడు.

ఆ నడిమి పేజీలు ఏళ్ల తరబడి నావే అయ్యాయి. ఆనకట్ట నేను లేకుండానే పూర్తయింది. ఆ కథలు పుస్తకాలయ్యాయి, పుస్తకాలు నాకు పేరు తెచ్చాయి. మనుషులకు వేరువేరు ముఖాలు వేయడం తర్వాత నేర్చుకున్నాను కానీ, పాఠకులు పాత ముఖమే కావాలన్నారు.

ఆ సాయంత్రం నాంపల్లి నుంచి ఆబిడ్స్ దాకా పత్రికను చంకలో పెట్టుకుని, నడిమి పేజీ బయటికి కనిపించేలా మడిచి, చాలా నెమ్మదిగా నడిచాను, ఎవరైనా గుర్తుపడతారేమోనని. చూసి చూసి మళ్లీ వెనక్కి, నాంపల్లి దాకా నడిచాను. ఎవరూ గుర్తుపట్టలేదు. ఇప్పుడు అదే రోడ్డు మీద అప్పుడప్పుడూ ఎవరో ఒకరు ఆపి పలకరిస్తుంటారు. నేను చేతి గడియారం చూసుకుంటూ, పని ఉందని చెప్పి గబగబా వెళ్లిపోతాను. అంత తీరిగ్గా నడిచిన ఆ కుర్రవాడు ఎదురుపడితే మాత్రం ఆగి, గుర్తుపట్టి, పేరు పెట్టి పిలవాలని ఉంది.