తలుపు కొట్టిందెవరు

మా సర్దార్ పోయాడన్న కబురు నాకు మందమర్రి స్టేషన్లో, పేపరు ఏజెంటు దుకాణం ముందు తెలిసింది. ప్యాసింజరు బండి అప్పుడే వచ్చింది. ఏజెంటు కట్టలు దింపుకుంటుంటే, మేం చదివే కథల పుస్తకం కొత్త భాగం వచ్చిందా అని అడగబోయాను. ఇంతలో నాతోపాటు గనిలో పనిచేసిన ఓదెలు వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు.

"అన్న పోయిండు. పొద్దుగాల చాయ తాగి గోడకు ఒరిగి కూసున్నడట. గట్లనే పోయిండు."

ఇద్దరం కాలనీ దారి పట్టాం. ఏజెంటు వెనక నుంచి, వచ్చింది, తీసుకుపోండి అని పిలిచాడు. మేం తిరిగి చూడలేదు. ఏళ్ళ తరబడి ఆ పిలుపు కోసమే ఆ దుకాణం ముందు పడిగాపులు పడ్డవాళ్ళం మేమిద్దరం.

బొగ్గు బాయి, అంటే గని, ఎరగనివాళ్ళకు సర్దార్ అంటే ఏదో పెద్ద దొర అనిపిస్తుంది. కాదు. బాయి లోపల ఒక గుంపు పనివాళ్ళ ప్రాణాలకు పూచీ పడే మనిషి. మేం బొగ్గు మీద చెయ్యి వేయకముందే ఆయన లోపలికి పోయి, కట్టెతో కప్పు రాయిని తట్టి చూడాలి. ఖంగుమంటే రాయి గట్టిది. బొదబొదమంటే రాయి గుల్ల, వెనక్కి రావాలి. మా సర్దార్ ఒక్కోచోట ఎంతసేపు తట్టేవాడంటే నాకు ఒళ్ళు మండేది. పై అధికారులు బొగ్గు తక్కువైందని కోప్పడితే, "బొగ్గు యాడికి పోదు, పోతే మనమే పోతం," అని మళ్ళీ తట్టేవాడు. ఆ మాట విని ఎన్నిసార్లు విసుక్కున్నానో. ఇవాళ ఆ మాట వల్లే నేను బతికుండి ఇది రాస్తున్నాను.

అంత నిదానస్తుడికి ఒకే ఒక్క తొందర ఉండేది. అది ఆకాశనౌక. మద్రాసులో అచ్చయ్యే చిన్న చిన్న పుస్తకాలు. ఒక నౌక గ్రహం నుంచి గ్రహానికి పోతూ ఉంటుంది. దాని కెప్టెన్‌కు పుస్తకంలో పెద్ద పేరే ఉంది కానీ మాకు మాత్రం 'మన కెప్టెన్'. ప్రతి భాగమూ సరిగ్గా గొంతు మీదికి కత్తి వచ్చినచోట ఆగిపోయేది. రాసినాయన చేతికి చిక్కితే కాలనీ అంతా కలిసి నాలుగు తగిలించేదే.

కాలనీకంతా ఒక్క పుస్తకం. అందుకని కట్టుబాటు పెట్టుకున్నాం. కాగితం చుట్టి దారం కట్టి వచ్చే పుస్తకం అలాగే సర్దార్ ఇంట్లో ఉంటుంది. ఆదివారం అందరం వాళ్ళ వాకిట్లో కూర్చున్నాకే ఆయన దారం విప్పి చదువుతాడు. అంతకుముందు ఎవరూ విప్పకూడదు, ఆయన కూడా. ఒకసారి పోశం, మాలో అందరికంటే పెద్దవాడు, ఊరికే అట్ట చూద్దామని కాగితం చింపాడు. ఆ ఆదివారం సర్దార్ చదవనే లేదు. వాకిలి నిండా జనం నోళ్ళు వెళ్ళబెట్టుకుని లేచిపోయారు. పోశాన్ని వారం పాటు పలకరించిన దిక్కు లేదు.

ఒక భాగం చివర మన కెప్టెన్ చంద్రుడి లాంటి ఒక రాతిగోళం లోపల నౌకతో సహా చిక్కుకుపోయాడు. నౌక గదిలో ఒక్కడే ఉన్నాడు. గాలి అయిపోవచ్చింది. ఆ గోళం మీద వేరే ప్రాణి లేదని అప్పటికి మూడు భాగాల నుంచీ చెబుతూనే ఉన్నారు. అప్పుడు బయటినుంచి ఎవరో తలుపు కొట్టారు. అంతే, సశేషం. ఆ తర్వాత పుస్తకం రాలేదు. ఎండాకాలం పోయింది, వానలూ పోయాయి. ప్రెస్సు మూతపడిందని ఒకరు, రాసినాయనే పోయాడని ఒకరు. ఓదెలు మాత్రం నమ్మలేదు. డ్యూటీ దిగి బొగ్గు మసి మొహంతోనే స్టేషన్‌కు పోయి బండిని చూసొచ్చేవాడు.

ఆ రోజుల్లోనే మా మీద కప్పు కూలింది.

సరిగ్గా చెప్పాలంటే మా మీద కాదు, మా వెనక. లోపలి పనిచోట సర్దార్, ఓదెలు, పోశం, నేను ఉన్నాం. మేం బయటికి పోవాల్సిన దారి రాళ్ళతో పూడుకుపోయింది. దుమ్ము అణిగాక సర్దార్ మా నెత్తి మీది కప్పును తట్టాడు. బొదబొదమంది. ఆయన మొహం నేను చూశాను. చూడకపోతే బాగుండేదనిపించింది.

ఓదెలు చేతులతోనే రాళ్ళు లాగడం మొదలుపెట్టాడు. ఇంట్లో భార్యకు నెలలు నిండాయి. ఒక్కో రాయి లాగినప్పుడల్లా పైనుంచి పెళ్ళలు రాలుతున్నాయి. ముట్టవద్దని సర్దార్ చెప్పాడు. పోశం, నేను రెక్కలు పట్టుకుని లాగాం. విదిలించుకున్నాడు. ఇంకో రాయి కదిపితే నలుగురం దాని కిందే అని మాకు తెలుసు. అతనికీ తెలుసు, కానీ చేతులు వినడంలేదు.

అప్పుడు సర్దార్, అదేదో మామూలు ముచ్చట అయినట్టు, "కొత్త పుస్తకం వచ్చింది. నేను సదివిన," అన్నాడు.

ఓదెలు చేతులు ఆగాయి. "మాకు చెప్పకుంట సదివినవా?"

"సదివిన."

అంత ప్రమాదంలోనూ నాకు కోపం వచ్చిందంటే నమ్మండి. పోశమైతే, అట్ట చూసినందుకు తనను వెలివేసిన మనిషి దొంగచాటుగా పుస్తకమే చదివేశాడా అని బూతులు లంకించుకున్నాడు. సర్దార్ అన్నీ పడ్డాడు. తర్వాత, కదలకుండా పడుకుంటే చెబుతానన్నాడు. ఎవరు లేచినా, ఎవరు రాయి ముట్టినా కథ ఆగిపోతుంది. దీపాలన్నీ ఆర్పించి, తనది ఒక్కటే ఉంచుకున్నాడు.

చెప్పడం మొదలుపెట్టాడు. ఎంత నిదానంగానో. కెప్టెన్ తలుపు దాకా పోవడానికే ఎంతో సేపు. గాలి పొదుపు చేసుకోవాలి కదా, అందుకని మెల్లగా ఊపిరి తీస్తున్నాడట. మాకు తెలియకుండానే మేమూ అలాగే తీస్తున్నాం. మధ్యలో ఎక్కడో రాయి జారిన చప్పుడైతే మా గుండెలు జారేవి. ఆయన గొంతు మాత్రం మారేది కాదు. కెప్టెన్ గడియ మీద చెయ్యి వేశాడు. బయట మళ్ళీ తలుపు కొట్టారు.

"ఎవలు, అన్నా? గా తలుపు కొట్టింది ఎవలు?" ఓదెలు గొంతులో ఏడుపు ఉంది.

సర్దార్ ఆగమన్నట్టు చెయ్యి ఎత్తాడు. మేం ముగ్గురం ఆ చెయ్యినే చూస్తూ ఉండిపోయాం. ఎంతసేపో చెప్పలేను. అప్పుడు వినిపించింది, రాళ్ళ అవతల గడ్డపార దెబ్బ.

మొదటి రాయి తొలగించి అవతలి మనిషి మొహం పెట్టగానే ఓదెలు అతనితో అన్న మాట ఇప్పటికీ బాయి అంతా చెప్పుకుంటారు. "జర ఆగుండ్రి, అయిపోవచ్చింది," అన్నాడు.

అసలు పుస్తకం చలికాలంలో వచ్చింది. అందరి ముందూ దారం విప్పి సర్దార్ మొదటి పేజీ చదివాడు. తలుపు కొట్టింది ఎవరూ కాదట, ఊడిన ఇనుప ముక్కేదో తగిలిందట. అందులో గడియ లేదు, మెల్లగా ఊపిరి తీయడం లేదు. ఓదెలు, పోశం, నేను మొహాలు చూసుకున్నాం. ఆయన తల ఎత్తకుండా చదువుకుంటూ పోయాడు.

ఆ తర్వాత ఎన్నోసార్లు అడిగాం, నీ కథలో తలుపు కొట్టిందెవరని. పండుగనాడు అడిగాం, ఓదెలు బిడ్డకు పేరు పెట్టిననాడు అడిగాం. "అది బాయిల కత, బయట చెప్పొద్దు," అని తప్పించుకునేవాడు. ఊరిస్తున్నాడనుకుని ఓదెలు అలిగేవాడు కూడా.

సర్దార్ భార్యను మేం వదిన అంటాం. మొన్న దినాలు అయ్యాక ముగ్గురం ఆమె దగ్గర కూర్చున్నాం. ఓదెలు ఉండబట్టలేక, నీకన్నా చెప్పాడా వదినా అని అడిగాడు. ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఆయనకే తెల్వది. చెయ్యి లేపిండట గని, నోట్ల మాట లేదట. గడ్డపార సప్పుడు మీరు విన్నంకనే ఆయన విన్నడు. గప్పుడు అది రాకుంటె మిమ్ముల ఎట్ల ఆపుదునో అని నిద్రల లేచి కూసునేటోడు."

ఆయన అందరికంటే ముందే ఆ చప్పుడు విని చెయ్యి ఎత్తాడని ఇన్నాళ్ళూ నమ్మాం. కప్పు రాయి పలుకు వినే చెవి కదా అని గొప్పగా చెప్పుకున్నాం. ఇప్పుడు నా కళ్ళ ముందు ఉన్నది వేరే మనిషి. ఒక్క దీపం వెలుతురులో, చెప్పడానికి ఇంకేమీ మిగలని మనిషి, చెయ్యి వణకనివ్వకుండా ఎత్తి పట్టుకుని కూర్చున్నాడు. మేం ముగ్గురం ఊపిరి మెల్లగా తీస్తూ, తర్వాతి మాట కోసం చూస్తున్నాం.