పంతొమ్మిదో నంబరు

నిన్న మా మనవరాలు ఇంగ్లీషు వర్క్‌బుక్కు తెచ్చి నా ఒళ్ళో పడేసింది. ఎడమవైపు మార్చ్, వాల్ట్జ్, హిమ్, లల్లబై, డర్జ్ అని పాటల రకాలు, కుడివైపు వాటి అర్థాలు. గీతలు గీసి జతపరచాలట. "అమ్మమ్మా, ఇవి నీకు వచ్చా?" అంది. రాకపోవడమేం, వచ్చు. వచ్చనుకునే కదా ఒకసారి ఒక మనిషి కొంప ముంచాను! పెన్సిలు కింద పెట్టి వంటింట్లోకి వెళ్ళాను, ఎందుకు వెళ్ళానో తెలియక తిరిగొచ్చాను. నాకు మొదటినుంచీ కాలు ఒకచోట నిలవదు. ఆ మాటలు కనబడితే మనసు కూడా నిలవదు.

మా చిన్న మావయ్య ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. మా అమ్మకి ఆఖరి తమ్ముడు. ట్రాఫిక్ కాలనీలో మా క్వార్టర్లోనే అమ్మమ్మతో పాటు ఉండేవాడు. సాయంత్రం సైరన్ మోగి ఇంటికి రాగానే చేతుల జిడ్డు కిరసనాయిలుతో ఒకసారి, సబ్బుతో రెండుసార్లు కడుక్కుని, క్లారినెట్ పెట్టె సైకిలుకి కట్టుకుని క్లబ్బు బ్యాండుకి పరిగెత్తేవాడు. కాయితం మీద స్వరాలు చదవడం రాదు, అంతా చెవితో పట్టిన విద్యే. ఆ బ్యాండులో సగం మంది సంగతీ అంతే. అందుకే బ్యాండు మాస్టరు, ఒక ఆంగ్లో ఇండియన్ దొర, పాటలన్నిటికీ నంబర్లు పెట్టేశాడు. ఆయన "నంబర్ ట్వెల్వ్!" అని కేకేస్తే అందరూ పన్నెండు అందుకునేవారు. అది ఏ రకం పాటో, దాని పేరేమిటో ఎవరికి కావాలి?

కావలసిన రోజు వచ్చింది. దొర కుటుంబంతో సహా ఆస్ట్రేలియా వెళ్ళిపోతున్నాడని తెలిసింది. ఆయన స్థానానికి ఇద్దరు మిగిలారు, మా మావయ్యా, కార్నెట్ వాయించే ఒక బెంగాలీ దాదా. క్లబ్బుకి వచ్చే ఆఫీసర్లూ వాళ్ళ ఆడవాళ్ళూ పాటని నంబరుతో అడగరు, రకం పేరుతో అడుగుతారు. కాబట్టి ఆ పేర్లు తెలిసినవాడికే మాస్టరు పని అని దొర చిన్న పరీక్ష పెడతానన్నాడు. రకం పేరు చెబితే దాని నంబరు పిలిచి బ్యాండు నడపాలి. మావయ్యకి నాలుగు రోజులు అన్నం సయించలేదు. "పన్నెండేళ్ళై ఎనక వరసలో కూకున్నానే అమ్మీ. ఆ మాస్టరు కర్ర ఒక్కసారి నా సేతిలోకి రావాల. నువ్వు హైస్కూల్లో సదువుతున్నావు కదా, ఆ పేర్లేటో సెప్పు" అన్నాడు.

మా ఇంటికంతటికీ ఇంగ్లీషు పండితురాలిని నేనే. దొర రాసిచ్చిన పేర్ల చీటీ, డిక్షనరీ పట్టుకుని వరండాలో కూర్చున్నాను. కూర్చున్నాననడం అబద్ధం, అటూ ఇటూ తిరుగుతూనే చదివాను. నేను అర్థం చెబితే మావయ్య ఏ నంబరో వెతికి వాయించేవాడు. జంటలు గిరగిరా తిరిగేది వాల్ట్జ్ అంటే మూడో నంబరు తీశాడు, ఒకటీ రెండూ మూడూ అని నా కాలు దానంతటదే ఆడింది. జోలపాట అనగానే తొమ్మిది వాయించాడు. మంచం మీద అమ్మమ్మ గురక పెట్టింది, ఇంక రుజువెందుకు!

చివరికి రెండు మాటలూ రెండు నంబర్లూ మిగిలాయి. ఒకటి పెళ్ళిలో వాయించే వెడ్డింగ్ మార్చ్, రెండోది చావుకి వాయించే డర్జ్. పంతొమ్మిది, ఇరవై చర్చి తాలూకు పాటలు. అక్కడికి దొర తన నలుగురు మనుషుల్నే తీసుకెళ్ళేవాడు. మావయ్య వెళ్దామంటే అమ్మమ్మ "ఆ సమాదుల తోట కాడికి ఎల్లినావంటే నా గుమ్మం తొక్కకు!" అనేది. అందుకని ఆ రెండూ ఆయనకి ప్రాక్టీసులో తప్ప తెలియవు.

రెండూ వాయించాడు. ఇరవైలో పెద్ద డ్రమ్ము ధనధనలాడుతుందన్నాడు. పంతొమ్మిది మాత్రం నెమ్మదిగా, అడుగులో అడుగు వేసుకుంటూ వెళ్ళింది. నాకు అనుమానమే రాలేదు. మావాళ్ళలో ముసలివాళ్ళు పోతే డప్పులు వీధి అదరగొట్టేవి, ముందు చిందులు, టపాకాయలు. పెళ్ళికూతుర్ని గంపలో తెచ్చేటప్పుడు కదా సన్నాయి అలా నిదానంగా సాగేది! "పంతొమ్మిది పెళ్ళిది మావయ్యా" అన్నాను. ఆయన కూడా "అవునే, నిన్ను గంపలో ఎత్తుకొచ్చినప్పుడు ఇలగే నడుస్తాను" అని మురిసిపోయాడు.

పరీక్ష రోజు నేను క్లబ్బు కిటికీ దగ్గర నిలబడలేక నిలబడ్డాను. దాదా తడుముకుంటూ ఎలాగో గట్టెక్కాడు. మావయ్య వాల్ట్జూ, హిమ్ అనే భక్తిపాటా, జోలపాటా టకటకా నడిపించేశాడు. దొర మొహం వెలిగింది. అప్పుడు ఒక ఆఫీసరు భార్య నవ్వుతూ "వెడ్డింగ్ మార్చ్" అంది. మావయ్య కర్ర ఎత్తి "నైన్‌టీన్!" అన్నాడు. చర్చి మనుషులు నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు కానీ, నంబరు పిలిస్తే వాయించడమే వాళ్ళ అలవాటు. నాలుగు అడుగుల పాట సాగిందో లేదో, దొర చెయ్యి దానంతటదే టోపీ తీసేసింది. "కౌన్ మర్ గయా, మ్యాన్?" అన్నాడు, ఎవరు పోయారని. హాలంతా ఒకటే నవ్వు. మావయ్య కర్ర పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

కర్ర దాదాకి వెళ్ళింది. మావయ్య సైకిలెక్కకుండా గోల్‌బజార్ మీదుగా నడిపించుకుంటూ వచ్చాడు, పక్కన నేను ఏడుస్తూ. బజారు దాటాక "ఊరుకోవే. నీ బుక్కులో తప్పు లేదు. మన సావుల్లోనే సప్పుడెక్కువ" అన్నాడు. ఇంట్లో అమ్మమ్మ అడిగితే "నానే మరిసిపోయినాను" అన్నాడు. నేను నోరు విప్పలేదు. క్లారినెట్ పెట్టె ఆర్నెల్లు అటక దిగలేదు. దాన్ని చూసినప్పుడల్లా నాకు ఇంట్లో ఉండబుద్ధయ్యేది కాదు.

రెండేళ్ళకి నా పెళ్ళి, కాలనీలోనే. గంప ఒక పక్క మావయ్య, రెండో పక్క మా అన్నయ్య పట్టుకున్నారు. సన్నాయి వాళ్ళు ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు నా చెవి దగ్గర సన్నగా కూనిరాగం వినిపించింది. పంతొమ్మిదో నంబరు! "మావయ్యా! అది సావు పాట!" అన్నాను తల వంచుకునే.

"ఎవడన్నాడే? నాను ఒప్పుకోనేదు. నడకకి ఎంత బాగా సరిపోయిందో సూడు" అన్నాడు, అడుగు తప్పకుండా. నేను ముసుగులో నవ్వానో ఏడ్చానో నాకే తెలియదు. క్షమించమని నేను ఆయన్ని అడగనేలేదు. అడిగే అవసరం లేకుండా చేసేశాడు.

మనవరాలు తొందరపెడితే, మార్కుల కోసం, డర్జ్ నుంచి చావు దాకా గీత గీశాను. ఏళ్ళన్నీ పరిగెత్తుకుంటూనే పోయాయి కానీ, మండపం దాకా ఆ ఇరవై అడుగులు మాత్రం ఇప్పటికీ పంతొమ్మిదో నంబరు నడకనే నడుస్తున్నాయి.