బాలింత పరుగు

ఆ రోజుల్లో నాకు ఇద్దరు కమాండర్లు ఉండేవారు. ఒకాయన ఎక్కడో ఉత్తరాదిన మా యూనిట్ ఆఫీసులో మీసం దువ్వుకుంటూ కూర్చునే కల్నల్ సాబు. రెండోది లింగాల దగ్గర మా ఊళ్ళో, వాకిట్లో పొయ్యి మీద నీళ్ళు కాగబెడుతూ కూర్చునే మా అమ్మ. కల్నల్ సాబు ఆజ్ఞ ఇస్తే ఎందుకని అడగకూడదు గాని, ఎలాగని అడగొచ్చు. అమ్మ దగ్గర ఆ వెసులుబాటు కూడా లేదు. అప్పుడు నేను సిగ్నల్స్‌లో కెప్టెన్‌ని. నా కింద వందమంది పైచిలుకు జవాన్లు, వైర్‌లెస్ సెట్లు, వాటిని మోసే లారీలు. కాని తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చి, నాగర్‌కర్నూల్ దవాఖానలో ఆడపిల్లను కని ఇంటి గడప తొక్కిన క్షణం నుంచి నా హోదా ఊడిపోయింది. ఇక నేను ఉత్త పచ్చి బాలింతను.

బాలింత అంటే మా వైపు ఒక మనిషి కాదు, ఒక పరిస్థితి. నెత్తికి చెవుల మీదుగా గుడ్డ కట్టాలి. చెవుల్లో దూది పెట్టుకోవాలి (గాలి సొరితే ముసలితనంలో చెవుడొస్తుందట). నడుముకు పాత చీర బిగించాలి. ఎల్లిపాయ కారంతో వేడి వేడి అన్నం, గుక్కెడు కాగిన నీళ్ళు. నాలుగు నెలలు దాటాక కూడా అమ్మ ఒక్క సడలింపు ఇవ్వలేదు. నా మీద నిఘా ఆవిడ ఒక్కతే పెడితే ఎలాగో తట్టుకునేదాన్ని. గద్వాల నుంచి మా అత్తమ్మ రోజూ పొద్దున వీడియో కాల్ చేసి, "మనుమరాలిని తర్వాత సూపియ్యి గాని, ముందుగాల నీ చెవులు సూపియ్యమ్మా" అనేది. నేను తల అటూ ఇటూ తిప్పి దూది చూపించేదాన్ని. కవాతు మైదానంలో కూడా నన్నెవరూ అంత శ్రద్ధగా తనిఖీ చేయలేదు.

ఇలా ఉండగా ఒకనాడు కల్నల్ సాబు ఫోను చేశాడు. పిల్ల ఎలా ఉందని అడిగాడు, ఆశీర్వదించాడు, ఆ తర్వాత అసలు సంగతి చెప్పాడు. నా కంపెనీ కొండల మీదికి వెళ్ళబోతోంది. నా ఆరు నెలల సెలవు అయిపోయాక, వీపున బరువు వేసుకుని పరిగెత్తే పరీక్ష నెగ్గితే దాన్ని నేనే తీసుకువెళతాను. నెగ్గకపోతే ఇంకో ఆఫీసరు తీసుకువెళతాడు, నేను కింద ఆఫీసులో ఉంటాను. ఆయన మర్యాదగానే చెప్పాడు. కాని ఆ కంపెనీ నా తొలి కంపెనీ. అందులో ఎవరి తల్లికి కళ్ళ ఆపరేషన్ అయిందో, ఎవరు ఇంటి మీద బెంగతో అన్నం మానేస్తారో నాకు తెలుసు. వాళ్ళు కొండెక్కుతుంటే నేను కింద నిలబడి చెయ్యి ఊపడం నావల్ల కాదు. పైగా "పిల్ల పుట్టాక ఇంతేలే" అని ఎవరో ఒకరు అంటారు. నోటితో అనకపోయినా చూపుతో అంటారు.

మిలటరీ డాక్టరమ్మను ఫోనులో అడిగితే, మెల్లగా మొదలుపెట్టమంది. అమ్మను అడిగే ధైర్యం మాత్రం నాకు లేదు. (శత్రువు ఎదురుపడితే ఏం చేయాలో నేర్పారు గాని, ఎల్లిపాయ కారం గిన్నెతో తల్లి ఎదురుపడితే ఏం చేయాలో నేర్పలేదు.) అందుకని తెల్లవారుజామున అమ్మ బర్రె పాలు పిండటానికి కొట్టంలోకి వెళ్ళగానే, పిల్లను గాఢనిద్రలో ఉన్న నాయిన పక్కన పడుకోబెట్టి, బూట్లు చేత్తో పట్టుకుని దొడ్డి దారిన జారుకునేదాన్ని. ఊరి బయట ఎత్తిపోతల కాలువ ఉంది. దాని కట్ట నేరుగా తారురోడ్డు దాకా పోతుంది. మొదట నడిచాను, తర్వాత పరిగెత్తాను, ఆ తర్వాత మిలటరీ సంచిలో జొన్నలు నింపి వీపుకు తగిలించుకుని పరిగెత్తాను. నెత్తి గుడ్డ, చెవుల్లో దూది మాత్రం తీసేదాన్ని కాదు. అమ్మ పెట్టిన తీరు వేరు, నేను పెట్టుకునే తీరు వేరు. ఒకసారి తీశానంటే ఆమె ఇట్టే పట్టేస్తుంది.

ఒకనాటి సాయంత్రం మా గొడవకు ముహూర్తం కుదిరింది. నా ఒళ్ళు చిక్కిందని అమ్మ మొదలుపెట్టింది.

"ఎందుకే నీకు గా నౌకరి? మీ ఆయన వనపర్తి కాలేజీల సదువు జెప్తుండు. తినేతందుకు తక్కువైందా? పిల్లను జూస్కోని ఇంటిపట్టున ఉండరాదు?"

"అమ్మా, నాకు నా నౌకరి కావాలె."

"పాలు తాగే పిల్లను ఇడిశిపెట్టి కొండలెక్కుతవా? నీకు సోయి ఉందా?"

నాకు ఒళ్ళు మండింది. "ఊకె గిట్లనే సతాయిస్తే రేపే పోత, సూడు!" అని అరిచాను. ఆ మాట గోడ అవతల ఉన్న రేడియో అత్త చెవిన పడింది. (మా వాడకట్టులో ఎక్కడ ఏం జరిగినా ఆమె ద్వారానే ప్రసారమవుతుంది. అసలు పేరు ఆమెకే గుర్తు లేదేమో.)

మర్నాడు నేను అలవాటు ప్రకారం వెళ్ళిపోయాక, ఎప్పుడూ ఎండ పొడ వచ్చేదాకా లేవని నా కూతురు ముందే లేచి గుక్కపట్టింది. అమ్మ పాల చెంబుతో పరుగున వచ్చింది. మంచం మీద నేను లేను. బూట్లు లేవు. గోడకు వేలాడాల్సిన మిలటరీ సంచి లేదు. అప్పుడే పొలంలో మోటరు పెట్టి వస్తున్న మోటరు మామ మోపెడ్ ఆపి, "వదినా, మీ బిడ్డ మూటెత్తుకోని కాల్వ కట్ట మీదికెల్లి సడక్ దిక్కు ఉర్కుతుంది. నేను పిలిస్తె సూడలే, ఎనక్కి మలగలే" అన్నాడు. రేడియో అత్తకు ఇంకేం కావాలి? "నేన్ రాత్రే అనుకున్న! పిల్లను ఇడిశిపెట్టి మిలట్రీకి ఉరికింది!" అని వాడంతా వినేలా ప్రకటించింది.

అక్కడ ఊరు ఊరంతా నా వెంటపడింది. ఇక్కడ నాకు దూది పుణ్యమా అని లోకం ప్రశాంతంగా ఉంది. నా ఊపిరి చప్పుడు తప్ప ఇంకేం వినబడటం లేదు. కాలువ అవతలి ఒడ్డున ఒక రైతు రెండు చేతులూ పైకెత్తి గాబరాగా ఊపుతున్నాడు. ఆగమని సైగ చేస్తున్నాడని నాకేం తెలుసు? నన్ను మెచ్చుకుంటున్నాడనుకుని నేనూ చెయ్యి ఊపి, ఇంకాస్త వేగం పెంచాను. నిజం చెప్పాలంటే ఆ రోజు పరిగెత్తినంత బాగా నేను అంతకు ముందెప్పుడూ పరిగెత్తలేదు. కట్ట దిగి రోడ్డు మీదికి వచ్చేసరికి, అచ్చంపేట మీదుగా పట్నం పోయే పొద్దటి బస్సు ఎదురైంది. మూటతో ఉరికి వస్తున్న ఆడమనిషిని చూసి డ్రైవరు జాలిపడి ఆపేశాడు. కండక్టరమ్మ తలుపు దగ్గరికి వచ్చి ఏదో అంటోంది. వినబడక ఒక చెవిలో దూది తీశాను.

"గంత ఉరుకుడెందుకమ్మా, నీకోసం ఆపినం గద. ఎక్కు!" అంటోంది ఆమె. ఆ మాట వెనకే, అప్పటిదాకా నాకు అందని ఊరంతటి అరుపులూ ఒక్కసారిగా నా నెత్తిన పడ్డాయి. వెనక్కి తిరిగాను. కట్ట పొడుగునా జనం. ముందు నాయిన, తువ్వాల జారిపోతున్నా చూసుకోకుండా. ఆ వెనక చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని రేడియో అత్త. అందరినీ దాటుకుంటూ మోటరు మామ మోపెడ్, దాని వెనక సీటు మీద అమ్మ, అమ్మ చేతుల్లో ఏడుస్తున్న నా కూతురు.

అమ్మ దిగింది. చెంప మీద పడుతుందనుకుని నేను కళ్ళు మూసుకున్నాను. పడలేదు. పిల్లను నా చేతుల్లో పెట్టి అంది: "పోతే పో. పాలిచ్చి పో."

"అమ్మా, నేను ఏడికి పోతలేనే" అని మొదలుపెట్టబోతే పిల్ల కేకల ముందు నా మాట ఎవరికీ వినబడలేదు. కండక్టరమ్మకు సంగతి సగం అర్థమైంది, మిగతా సగం ఆమెకు అక్కర్లేదు. "మొగోళ్ళందరు జర దిగుండ్రి! పిల్ల పాలు తాగాలె!" అంది. బస్సులోని మగవాళ్ళంతా నోరెత్తకుండా దిగి, రోడ్డు పక్కన బీడీలు ముట్టించారు. నేను ఆడవాళ్ళ సీట్లో కూర్చుని పాలిచ్చాను. అమ్మ నా పక్కన కూర్చుని, ఎన్ని బట్టలు సర్దుకున్నానో చూద్దామని సంచిలో చెయ్యి పెట్టింది. గుప్పెడు జొన్నలు వచ్చాయి. మళ్ళీ పెట్టింది. మళ్ళీ జొన్నలే.

"ఏందే ఇవి? మిలట్రీల జొన్నలు దొరకవా?"

బస్సులో ఆడవాళ్ళంతా కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. అప్పుడు మొత్తం చెప్పాను. కంపెనీ, కొండలు, పరీక్ష, దొడ్డి దారి, అన్నీ. అమ్మ అరచేతిలో జొన్నల్ని వేలితో కదిపింది. తర్వాత నా వైపు చూడకుండా చెప్పింది.

"నువ్వు గింతే ఉంటివి. నిన్ను అమ్మమ్మకాడ ఇడిశిపెట్టి నేను, మీ నాయిన బొంబాయికి మట్టిపనికి పోయినం. పోకుంటె బువ్వ లేకుండె. మేం తిరిగొచ్చేటాల్లకు నువ్వు నడుస్తున్నవు. నేను చేతులు జాపితే అమ్మమ్మ ఎనక దాక్కోని ఏడ్శినవు. ఎవలో కొత్త మనిషి అనుకున్నవు. నీకు గా తిప్పలు రావొద్దని అన్న గాని, నీ నౌకరి మీద నాకేం పగనా బిడ్డా?"

ఈ సంగతి నాకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. పిల్లను ఈ వైపు నుంచి ఆ వైపుకు మార్చుకున్నాను. అమ్మ లేచి, జొన్నలు సంచిలో పోసి, మూతి బిగించి కట్టి, "పిల్లను నేన్ సూస్కుంట. నువ్వు ఉరుకు" అంది.

ఈ లోపల రేడియో అత్త వనపర్తికి ఫోను కొట్టి మా ఆయనకు కబురు చేరవేసిందట. ఆయన తాపీగా, "బూట్లేసుకోని పోయిందా? అయితే ఉరుకనీకె పోయింది, ఒస్తది తియ్యండి" అన్నాడట. కనీసం కొంచెం పరేషాన్ కానందుకు నేను ఆయన్ని చాలా కాలం క్షమించలేదు.

మర్నాటి నుంచి దొడ్డి దారి అవసరం లేకపోయింది. అమ్మ పిల్లను చంకనేసుకుని కట్ట మీద నిలబడేది. నేను రొప్పుతూ ఆగితే, "గప్పుడే అయిపోయిందా? నేను గంపల మట్టి మోసినప్పుడు నడిమిట్ల ఆగిననా?" అని గద్దించేది. ఒకనాడు సంచి బరువు చూసి, తేలిగ్గా ఉందని ఇంకో దోసెడు జొన్నలు తనే పోసింది. అకాడమీలో నన్ను ఏడిపించిన ఉస్తాదులందరూ ఆవిడ ముందు దిగదుడుపే. (దూది మాత్రం తీయనివ్వలేదు.)

పరీక్ష నెగ్గాను. నా కంపెనీతో కొండెక్కాను. పిల్ల అమ్మ దగ్గర ఉంది, మా ఆయన సెలవు దొరికినప్పుడల్లా వనపర్తి నుంచి వచ్చి చూసుకునేవాడు. ఫోను సిగ్నలు దొరికిన రోజు అమ్మ పిల్లకు నా గొంతు వినిపించేది, దొరకని రోజు నా ఫోటో చూపించేది. కొన్ని నెలలకు సెలవు మీద ఊరికి వచ్చాను. రోడ్డు మీద బస్సు దిగేసరికి అమ్మ పిల్లను ఎత్తుకుని ఎదురుచూస్తోంది. దారంతా ఈ క్షణం కోసమే మనసు గట్టి చేసుకుంటూ వచ్చాను. అయినా, చేతులు చాచగానే పిల్ల నన్ను ఎగాదిగా చూసి, అమ్మ మెడను కరుచుకుని బావురుమన్నప్పుడు, నా గుండె గట్టితనం ఏమైందో తెలియదు. నడి రోడ్డు మీద, యూనిఫారంలో, నేనూ ఏడ్చేశాను.

అమ్మ మాత్రం ఏడవలేదు. ఒక చేత్తో పిల్ల వీపు నిమురుతూ, రెండో చేత్తో నా చెంపలు తుడిచింది.

"ఏడ్వనియ్యి బిడ్డా. నువ్వు గూడ గిట్లనే ఏడ్శినవు. తర్వాత నా కొంగు ఇడిశినవా?"

ఇప్పుడు నా కూతురికి నాతో పందెం కట్టి ఓడించే వయసొచ్చింది. నాకు హోదా పెరిగింది, మోకాళ్ళ నొప్పీ పెరిగింది. ఎప్పుడైనా పొద్దున్నే ఆయాసపడుతూ మైదానం చుట్టూ తిరుగుతుంటే, వీపున జొన్నల మూటతో ఆ కాలువ కట్ట మీద పోతున్న బాలింతరాలు కళ్ళ ముందు కనిపిస్తుంది. పాపం, తనొక్కతే పరిగెడుతున్నాననుకుంది.