జర్మనీ అక్క కట్టుకున్న కంకణం

మా మేడమీద భాగంలో అద్దెకుంటున్న జర్మనీ కుర్రవాడు ఏర్పేడు దగ్గరి పెద్ద చదువుల సంస్థలో ఏదో పరిశోధన చేస్తున్నాడు. మొన్న సాయంత్రం ఆరబెట్టిన వడియాలు తెచ్చుకుందామని మిద్దెక్కితే, అతను కంప్యూటరు ముందు కూర్చుని, తెరమీద గళ్ళుగళ్ళుగా కనబడుతున్న ఓ పాతిక ముఖాలతో నవ్వుతూ మాట్లాడుతున్నాడు. అయిపోయాక, వాళ్ళంతా ఎవరు బాబూ అని అడిగాను. వాళ్ళందరూ తనలాగే పరదేశాల్లో పరిశోధనలు చేస్తున్న జర్మనీ వాళ్ళేనట, నెలకోసారి ఇలా కలుసుకుంటారట, స్వదేశంలో ఎక్కడ ఏ ఉద్యోగం ఖాళీ ఉందో, దరఖాస్తు ఎలా రాసుకోవాలో, ఏ ఆచార్యుణ్ణి కలవాలో పెద్దవాళ్ళు చెబుతారట. దూరాన ఉన్నవాళ్ళను ఇంటి దగ్గరివాళ్ళు మరిచిపోకుండా ఈ ఏర్పాటంతా అని అతను చెబుతుంటే నాకు సంతోషం కలగాల్సింది పోయి పాత కోపం తిరగబెట్టింది. వడియాలు అక్కడే వదిలేసి కిందికి దిగి వచ్చాను.

డెబ్బయ్యో దశకం చివర్లో, నేను తిరుపతిలో ఎమ్మే తెలుగు ముగించి ఏం చేయాలో తోచక ఉన్న రోజుల్లో, మా విశ్వవిద్యాలయానికి ఒక జర్మనీ ఆవిడ వచ్చింది. చిత్తూరు జిల్లా పల్లెల్లో ఎండాకాలం జరిగే భారతం ఉత్సవాలమీద ఆమె పరిశోధన. మన వయసువాళ్ళకు చెప్పనక్కరలేదుగాని ఇప్పటి పిల్లల కోసం చెబుతున్నాను, ధర్మరాజుల గుడి ముందర పద్దెనిమిది దినాలు పగలు హరికథ, రాత్రి వీధినాటకం, చివరి రోజున దుర్యోధన వధ, నిప్పుల గుండం, ఊరంతా అదే లోకం. ఆవిడకు తోడుగా పల్లెలు తిరిగి, మాటలు వివరించే పని మా ఆచార్యులవారు నాకు అప్పగించారు. మొదట్లో మేడం అని పిలిచేదాన్ని, ఆర్నెల్లు తిరక్కుండానే ఆమె మా ఇంటిల్లిపాదికీ జర్మనీ అక్క అయిపోయింది. మా నాయన మాటలు వినీ వినీ, మా అమ్మ పెట్టిన రాగిసంకటి తినీ తినీ, మా సీమ యాసలోనే మాట్లాడేది. సంకటి ముద్దకు గుంట చేసి పప్పు పోసుకోవడం మాత్రం ఆమెకు చివరిదాకా చేతకాలేదు, గట్టు తెగి పప్పంతా పళ్ళెంలోకి పారేది.

ఆమె చుట్టూ ఒక చిన్న బంధువర్గం లాంటిది ఉండేది. పూనాలో ఒకరు, మద్రాసులో ఒకరు, ఇంకెక్కడెక్కడో మరికొందరు, అందరూ ఆమె దేశంవాళ్ళే, తలా ఒక పరిశోధన. ఒకరు సెలవుకు ఇంటికి పోతే మిగతావాళ్ళ వ్యాసాలు మోసుకుపోయి వాళ్ళ ఆచార్యుల చేతుల్లో పెట్టి వచ్చేవాళ్ళు. ఎక్కడైనా ఉద్యోగం పడబోతోందని చూచాయగా తెలిసినా అందరికీ ఉత్తరాలు రాసేవాళ్ళు. మాలో ఒకడికి ఇంటర్వ్యూ వస్తే పక్క గదివాడికి కూడా తెలియకుండా దాచుకుని రైలెక్కే ఆ రోజుల్లో ఇది చూసి నేను నోరు తెరిచేదాన్ని. అయినా అక్క భయం అక్కకు ఉండేది. ఎన్ని ఉత్తరాలు రాసినా ఎదుట కనబడేవాడిదే రాజ్యమని, నాలుగేళ్ళుగా పల్లెలు పట్టుకు తిరుగుతున్న తన ముఖం అక్కడివాళ్ళకు గుర్తుండదని అనేది. ఆ వేసవితో ఆమెకు వచ్చే వేతనం కూడా ఆగిపోతుంది.

అలాంటప్పుడు మద్రాసు నుంచి కబురొచ్చింది. ఆమె దేశం నుంచి కొందరు ఆచార్యులు వస్తున్నారు, ఇక్కడ పనిచేసే తమవాళ్ళందరినీ ఒకచోట కూర్చోబెట్టుకుని మాట్లాడతారు. అందులో ఒకాయన విభాగంలో అక్క చదువుకు సరిగ్గా సరిపోయే ఉద్యోగం ఉంది, ఆయన ముఖాముఖి చూసిన వాళ్ళకే ఇస్తాడు. అక్క ఆ రోజు మా అమ్మను పట్టుకుని గిరగిరా తిప్పింది. సమావేశం నాటికి, మేము చూడవలసిన చివరి భారతం, కార్వేటినగరం పక్కన మా అమ్మ పుట్టిన ఊళ్ళో జరిగేది, ముగిసిపోయి ఉంటుందని లెక్క వేసుకున్నాం.

ఆ లెక్క మా ఊరి పెద్దల దగ్గర చెల్లలేదు. ఉత్సవం మొదట్లో జెండా ఎత్తినప్పుడు తొలి కంకణం, మా ఊళ్ళో కాపు అంటారు, ఎవరి చేతికి కట్టాలన్నదానిమీద తూర్పువీధికీ పడమటివీధికీ తగాదా వచ్చింది. మావాడికంటే మావాడికని పది దినాలు జెండా ఎత్తకుండా కూర్చున్నారు. నాటకం మేళంవాళ్ళు వచ్చి, గుడి అరుగుమీద గడ్డాలు పెంచుకుంటూ పడుకున్నారు. ఆ గుడి పెత్తనం మా మేనమామది. ఆయనకు ఉత్సవం ఆగిపోతే పెత్తనం పోతుందన్న బెంగ. ఆ బెంగలోంచి ఆయనకొక మహత్తరమైన ఆలోచన పుట్టింది. పంచాయితీలో లేచి నిలబడి, అరుగు చివర కూర్చుని రాసుకుంటున్న అక్కవైపు చెయ్యి చూపించాడు.

“ఈయమ్మ తూరుపోళ్ళ మనిసి గాదు, పడమటోళ్ళ మనిసీ గాదు. తొలి కాపు ఈమెకు కడితే ఎవురికీ తక్కువ లేదు. ఏమంటారబ్బా?”

రెండు వీధులవాళ్ళూ ఒకరి ముఖాలొకరు చూసుకుని సరేనన్నారు. ఎదుటివాడికి దక్కకపోతే చాలు, ఎవరికి దక్కినా మావాళ్ళకు అభ్యంతరం ఉండదు. నేను అక్క చెవిలో చెప్పాను, వద్దక్కా, ఇది కట్టుకుంటే గుండం తొక్కేదాకా పొలిమేర దాటకూడదు, మధ్యలో నీ మద్రాసు ప్రయాణం ఉందని. ఆమెకు తెలియనిదా, ఆ కట్టుబాటు మీదే ఆమె వ్యాసం రాసింది. అదే మాట మా మామను అడిగింది.

“ఒక్క దినం పోయొచ్చేదానికి ఏంగాదులేమ్మా. వచ్చినాక చెంబెడు పసుపునీళ్ళు సల్లుకుంటే సరిపోతాది. నేనుండా గదా!” అన్నాడు మామ.

అది ఆయన కల్పించిన మాట కాదు. అంతకుముందు ఒక ఏడు కంకణం కట్టుకున్న పెద్దమనిషి ఒకాయన చిత్తూరు కోర్టు వాయిదాకు పోయి వచ్చి, పసుపునీళ్ళతో శుద్ధి చేసుకున్న సంగతి ఊరందరికీ తెలుసు. నాలుగేళ్ళు తిరిగిన పల్లెలు తనను సొంత మనిషిగా చూసుకున్నాయని అక్క కళ్ళనీళ్ళు పెట్టుకుంది. చెయ్యి చాచింది. పూజారి పసుపుకొమ్ము కట్టిన దారం ఆమె మణికట్టుకు ముడివేశాడు. పది దినాలు ఆలస్యంగా భారతం మొదలయింది.

మద్రాసు సమావేశం రోజూ, అర్జునుడు తపస్సు మాను ఎక్కే రోజూ ఒక్కటే అయ్యాయి. ఆ రోజు అర్జున వేషధారి పొడవాటి తాటిమాను ఎక్కి పైనుంచి పండ్లూ పూలూ విసురుతాడు, పిల్లలు లేని ఆడవాళ్ళు ఉపవాసంతో, తడిబట్టలతో ఆ మాను కింద సాగిలపడి ఉంటారు. ముందురోజే తూర్పువీధివాళ్ళు కబురు చేశారు, కాపు కట్టినామె పొలిమేర దాటితే మాను ఎక్కనీయమని. పడమటివీధివాళ్ళు వాళ్ళకంటే ఒక ఆకు ఎక్కువే చదివారు, గుడికి తాళం వేస్తామన్నారు. జీవితంలో ఆ రెండు వీధులూ ఏకమైంది నేను చూడగా ఆ ఒక్కసారే. కోర్టు వాయిదాకు లేని దోషం దీనికెట్లా వచ్చిందని నేను అరిచాను. ఆయన మొగోడు, ఆ పని వేరే అన్నారు. పసుపునీళ్ళ మాట చెప్పిన మా మామ మెల్లిగా గుడి వెనక్కి జారుకున్నాడు. ఏరు దాటేదాకా ఓడమల్లన్న, దాటినాక బోడిమల్లన్న అని ఊరికే అనలేదు పెద్దలు.

అయినా మరునాడు తొలి బస్సుకు అక్క సంచీ పట్టుకుని బయలుదేరింది. పుత్తూరులో రైలు అందుకుంటే మధ్యాహ్నానికి మద్రాసు. మగవాళ్ళు ఎవరైనా అడ్డుపడితే పోట్లాడదామని నేను కొంగు బిగించి వెంట నడిచాను. బస్సు ఆగేచోట మగవాళ్ళు ఒక్కరూ లేరు. తడిబట్టలతో, వణుకుతూ, ఆ రోజు మాను కింద పడుకోబోయే ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. వాళ్ళను పంపింది మా మామేనని నాకు తెలుసు. వాళ్ళలో, వయసుకు మా అమ్మకంటే చిన్నదే అయినా ఆమెకు చిన్నమ్మ వరస అయ్యే ఒకావిడ ముందుకొచ్చి అక్క చెయ్యి పట్టుకుంది.

“నువ్వు దాటితే మాను ఎక్కరంట తల్లీ. మేం ఇంగ యాడికి పోయి మొక్కేది?”

డ్రైవరు హారన్ కొట్టాడు. ఆ దారం తెంపడానికి ఎంతసేపు? అక్క దారంవైపు చూసింది, ఆ ఆడవాళ్ళవైపు చూసింది. సంచీ కింద పెట్టింది. బస్సు కదిలిపోయింది.

“వీళ్ళను తొక్కి నేనెట్లా పోయేది చెల్లీ?” అని మాత్రం అంది నాతో.

నేనొక్కదాన్నే కార్వేటినగరం పోయి, రాలేనని అక్క పేరున తంతి కొట్టాను. తంతికి ముఖం ఉండదు కదా. ఉత్సవం ముగిసిన వారానికి మద్రాసు నుంచి ఆమె స్నేహితురాలు స్వయంగా తిరుపతికి వచ్చి చెప్పింది, ఆ ఉద్యోగం మన దేశానికి వచ్చి ఏడాది కూడా కాని ఒక పిల్లవాడికి ఇచ్చేశారట, ఆ ఆచార్యుడితో కూర్చుని కాఫీ తాగిన పిల్లవాడికి. ఆయన అక్క గురించి అడిగాడట కూడా, రాలేదంటే అంత శ్రద్ధ లేదేమో అన్నాడట. అక్క ఆ మాటకు నవ్వింది. ఆ నవ్వు నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఆ వానాకాలంలోనే ఆమె వెళ్ళిపోయింది. తన ఊళ్ళో వాళ్ళన్నయ్య నడిపే చెప్పుల దుకాణంలో కూర్చుందని, తర్వాత చిన్నపిల్లల బడిలో చేరిందని రాసింది. భారతం మీద పుస్తకం పూర్తి కాలేదు. కొత్త సంవత్సరానికి వచ్చే కార్డుల్లో అక్షరాలు తగ్గుతూ తగ్గుతూ ఒక ఏడు కార్డే రాలేదు. మాను కింద పడుకున్న ఆ చిన్నమ్మకు పిల్లలు పుట్టనూలేదు. ఇప్పటికీ నేను కనబడితే ఆ యమ్మ బాగుండాదా అని అడిగేది ఆ ముసలమ్మ ఒక్కతే. మిగతా ఊరికి మాత్రం అదొక గొప్ప, మా ఊరి భారతానికి జర్మనీ దొరసాని కాపు కట్టుకునిందని వచ్చినవాళ్ళకల్లా చెప్పుకుంటారు. మా మామ పోయేదాకా ఆ కథను తన తెలివికి నిదర్శనంగానే చెప్పుకున్నాడు.

మన కాలం మంచిదని, కట్టుబాట్లున్న కాలమని మనవాళ్ళంతా నిట్టూరుస్తుంటే నాకు ఒళ్ళు మండుతుంది. పోయిన వేసవిలో ఆ భారతానికి వెళ్ళాను. తొలి కంకణం మా మామ మనవడికి కట్టారు. వాడికి చెన్నైలో ఉద్యోగం. తెల్లవారుజామున కారులో పోతాడు, రాత్రి నాటకం వేళకు వస్తాడు. తూర్పువీధి, పడమటివీధి, ఎవరూ కిక్కురుమనరు. గుడి మెట్ల దగ్గర పూజారి చెంబుతో ఎదురొచ్చి వాడి నెత్తిన పసుపునీళ్ళు చల్లుతాడు, వాడు ఫోను తడవకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని లోపలికి పోతాడు. నేను ఆ మెట్లమీదే కూర్చుని చూశాను. ఆ చెంబెడు నీళ్ళు మా ఊళ్ళో ఆనాడూ ఉన్నాయి. మా అక్క మీద చల్లడానికే ఎవరికీ చెయ్యి రాలేదు.